పట్టా సార్

మా ఆఫీసు నరసరావుపేటలో ఒక ఎరువుల కొట్టు పైన ఉంటుంది. పన్నెండేళ్ళుగా అక్కడ కూర్చుని నేను డ్రైవర్లు రాస్తున్నాను. చర్చిలో ఎవరైనా అడిగితే మా అమ్మ "మా షెర్లీ డ్రైవరు పని చేస్తది" అంటుంది. వాళ్ళు నోరు తెరిచాక "బండికి కాదులే, కంప్యూటరుకి" అని సర్దుతుంది. బ్రహ్మవిద్యేమీ కాదు. కంప్యూటరుకి ఒక పరికరం తగిలిస్తే, ఆ రెంటికీ మాట కలిపే ప్రోగ్రాము పేరు డ్రైవరు.

మేం తయారు చేసే పరికరం బోరుబావిలో నీటిమట్టం కొలుస్తుంది. దాని డ్రైవరు రాసింది మా సుధీర్ బాబు సార్, నాకు ఈ పని నేర్పిన మనిషి. అది కంప్యూటర్లని నడిపే, అందరికీ తెరిచి ఉండే లినక్స్‌లో చేరింది. ప్రపంచంలో ఎవరు ఆ ఫైలు తెరిచినా మొదటి వరసలో మా వెల్దుర్తి సార్ పేరు కనబడుతుంది. ఆయన రిటైరై నాలుగేళ్ళయినా దాని బాధ్యుడు ఆయనే. ఎవరు ఏ మార్పు చేసినా ఆయన సరే అనాలి.

ఈమధ్య ఆ డ్రైవరు మా పరువు తీసింది. నీటి లెక్క నమోదవుతుండగా ఎవరైనా వైరు పీకితే కంప్యూటరు మొత్తం బిగుసుకుపోతోంది. వారంలో ఆరుచోట్ల ఇదే గోల. సోమవారం మా మేనేజరు ప్రవీణ్ కుమార్ నా బల్ల దగ్గరికొచ్చాడు.

"మేడం, ముసలాయన కోడు మొత్తం పీకేసి బయట కొత్తది రాయిద్దాం. శుక్రవారం దాకా చూస్తా. తప్పు పాత సార్‌దని కస్టమర్లకి చెప్పేశాలే."

"ఆయన్ని అడక్కుండానే?"

"ఫోన్ చేశా. 'నాదే అయ్యుంటదిలే బాబూ, తీసెయ్యండి' అన్నాడు."

నాకు ఒళ్ళు మండింది. ఆయన జీవితం మొత్తానికి పేరు మిగిలింది ఆ ఒక్క ఫైలు మీదే. దాన్ని అంత తేలిగ్గా తీసెయ్యమన్నారంటే ఎంత బాధపడి ఉంటారో నాకు తెలుసు. శుక్రవారంలోగా తప్పు పట్టుకుని ఆ పేరు నిలబెడతానని పంతం పట్టాను.

ఈ పనిలో ఉన్న మెలికంతా తీసుకున్నది తిరిగి ఇవ్వడంలోనే ఉంది. పరికరం తగిలించగానే డ్రైవరు దానికోసం కంప్యూటరు మెమరీలో కొంత జాగా తీసుకుంటుంది. పరికరం పోయాక ఆ జాగా వదలాలి. వదలకపోతే దండగ. ఎవరో ఇంకా వాడుతుండగానే వదిలేస్తే కొంప కొల్లేరు. కొత్తగా చేరినప్పుడు నేనెప్పుడూ ఆ రెండో తప్పే చేసేదాన్ని. సార్ బోర్డు మీద మూడుసార్లు గీసి చూపించి, విసిగిపోయి సుద్దముక్క పారేశారు.

"ఆదివారం మా అన్న బోరు మోటారు లాగుతున్నాం. వచ్చి చూడు అమ్మాయ్."

"ఆదివారం చర్చి ఉంది సార్."

"అయితే శనివారం లాగుతాం. కాలిన మోటారు ఎక్కడికి పోద్ది?"

ఆ శనివారం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది. మిరపచేలో బోరు మీద మూడుకాళ్ళ స్టాండు, దానికి చైను. చైను దగ్గర సార్ వాళ్ళన్న కోటయ్య గారు, బోరు మూతి దగ్గర సార్, పక్కన రెంచి పట్టుకుని నేను. పైపులు ఒక్కొక్కటే పైకి లాగి విప్పుతారు. పైది విప్పేటప్పుడు కిందివన్నీ, వాటి చివర మోటారుతో సహా, బోరు మూతికి బిగించిన ఒక్క క్లాంపు మీద వేలాడుతుంటాయి. చైను మళ్ళీ కింది పైపుకి తగిలించాకే క్లాంపు విప్పాలి.

ప్రతి పైపుకీ ఒకటే తంతు. సార్ తల ఎత్తకుండా "పట్టావా?" అంటారు. కోటయ్య గారు "పట్టా" అంటారు. అప్పుడు సార్ "వదిలా" అని క్లాంపు విప్పుతారు.

ఎనిమిదో పైపు దగ్గర నాకు విసుగొచ్చింది. "క్లాంపు పట్టుకునే ఉందిగా సార్. మళ్ళీ చైను కూడా పట్టిందా అని ఈ అడగటం ఎందుకు?"

"ఆ క్లాంపు ఇంకాసేపట్లో నేనే విప్పుతాగా," అన్నారు సార్. "కళ్ళకి చైను తగిలించినట్టే ఉంటది, బరువు పడి ఉండదు. పట్టినోడే చెప్పాలి పట్టానని."

"లేదంటే మోటారు పాతాళానికి పోద్ది," అన్నారు కోటయ్య గారు. "ముగ్గురం బోర్లోకి తొంగి చూసుకుంటా కూర్చోటమే."

మధ్యాహ్నం గట్టు మీద పెరుగన్నం, పండుమిరప పచ్చడి. నా కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే "ఏంది, ఇప్పుడెక్కిందా?" అని సార్ నవ్వారు. పచ్చడి ఘాటు గురించి అడిగారో పాఠం గురించి అడిగారో తెలియదు. నాకు రెండూ ఎక్కాయి.

సార్ తన డ్రైవరులో జాగా పట్టుకున్న ప్రతిచోటా పక్కన "పట్టా" అని, వదిలిన ప్రతిచోటా "వదిలా" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవారు. ప్రవీణ్ కొత్తగా చేరినప్పుడు అది చూసి "ఏంది మేడం, సార్ ఇందులో పొలం పట్టాలు దాచాడా?" అన్నాడు. అప్పుడు మేం నలుగురమే. కరెంటు పోతే అందరం మేడ మీదికెళ్ళి, పొట్లంలో బజ్జీలు పంచుకుని, కరెంటొచ్చేదాకా సార్‌ని ప్రశ్నలతో చంపేవాళ్ళం. ఇప్పుడు జనరేటరుంది, మేడ మీదికి ఎవరూ వెళ్ళరు.

గురువారం ఫైలు ముందు పెట్టుకుని లెక్కపెట్టాను. పట్టాలు ఐదు, వదిలాలు ఐదు. సరిపోయాయి. అయినా మనసొప్పక ఇంకోసారి చదివితే దొరికింది. నీటి లెక్క రాసుకునే ప్రోగ్రాము పరికరాన్ని తెరిచి వాడుకుంటున్నంతసేపూ ఆ జాగా మీద దాని తరఫున ఇంకో పట్టు ఉండాలి. లేదు. చైను తగిలించనేలేదు. వైరు పీకగానే క్లాంపు ఊడి, అంతా పాతాళానికి పోతోంది.

ఇంత చిన్న సంగతి సార్ ఎలా మరిచారా అని దిగులేసింది. ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో మా దగ్గర రాసి ఉంటుంది. తీసి చూశాను. సార్ మొదట రాసినప్పుడు పట్టాలు ఆరు, వదిలాలు ఆరు. తొమ్మిదేళ్ళ కిందట ఎవరో ఒక జత తీసేశారు. "ఒకసారి పట్టుకున్నదాన్ని మళ్ళీ పట్టుకోవడం అనవసరం" అని కారణం కూడా రాశారు. ఆ మహానుభావురాలి పేరు షెర్లీ.

కింద సార్ మెయిల్ ఉంది. "పట్టావా?" అని ఒకే మాట. దానికి నా జవాబు: "పట్టా సార్." వైరు పీకి చూశానా? లేదు. ఆ రోజు క్రిస్మస్ ముందురోజు, ఇంటికెళ్ళే పెదకూరపాడు బస్సు తప్పిపోతుందని హడావుడి. చూడకుండానే పట్టానన్నాను. నా మాట నమ్మి ఆయన సరే అని వదిలారు.

సిగ్గుతో చచ్చిపోయాను. నోరు మూసుకుంటే ఎవరూ తవ్వరు, తప్పు ఎలాగూ సార్ ఖాతాలో పడిపోయింది. ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది. కాసేపు ఏడ్చాను. ఏడిస్తే కోడు బాగుపడదు గనక, తీసేసిన రెండు లైన్లూ తిరిగి పెట్టాను. వైరు పీకాను. కంప్యూటరు నిక్షేపంగా ఉంది. మళ్ళీ పీకాను. నలభై సార్లు పీకాను.

"ఆ వైరు మీకేం అన్యాయం చేసింది మేడం?" అన్నాడు ప్రవీణ్.

సవరణ రాసి, ఈ తప్పు ఏ మార్పుతో వచ్చిందో చెప్పేచోట నా మార్పు పెట్టి, నా పేరు రాసి అతనికి చూపించాను.

"వెళ్ళిపోయిన మనిషి పేరు పోతే పోయింది. మీ పేరు మీరే పాడుచేసుకోవటం ఏంది?"

"కస్టమర్లకి చెప్పిన మాట వెనక్కి తీసుకో. ఇప్పుడే, నా ముందర."

నా మొహం చూసి ఆరుగురికీ ఫోన్ చేశాడు. తర్వాత నేను సార్‌కి చేశాను.

"సార్, ఆ తప్పు నాది."

"తెలుసమ్మాయ్. ప్రవీణు ఫోన్ చేసిన రోజే తీసి చూశా."

"మరి మీదని ఎందుకు చెప్పారు సార్?"

"సరే అన్నది నేనేగా. నీ పేరు చెప్పటానికి నోరు రాలా." తర్వాత, వెనకటిలాగే, అడిగారు: "పట్టావా?"

ఈసారి వెంటనే జవాబివ్వలేదు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, నలభై ఒకటోసారి వైరు పీకి, కంప్యూటరు పని చేస్తోందని చూసి, అప్పుడన్నాను. "పట్టా సార్."

"వదిలా," అన్నారు ఆయన.

అలవాటు మాట అనుకున్నాను. శుక్రవారం పొద్దున చూస్తే నా సవరణకి సరే అని, దాని మీద ఇంకో మార్పు పంపారు. రాసినవారు అన్నచోట ఆయన పేరు అలాగే ఉంది. బాధ్యులు అన్నచోట మాత్రం తన పేరు తీసి నా పేరు పెట్టారు. కారణం చెప్పాల్సినచోట ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే మాట రాశారు.

"పట్టింది."