గోడల వెనక కాగితం

పుస్తకం కవరు చేజారిపోయిందని ఎడిటర్ ముఖం చూడగానే పెన్సిలుకు తెలిసిపోయింది.

ఆవిడ అసలు పేరు పుస్తకాల లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంట్లో మాత్రం చిన్నప్పటినుంచీ పెన్సిలే. చెవి వెనక పెన్సిలు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్లు లేరు. ఈ ప్రచురణ సంస్థ వేసే పిల్లల పుస్తకాలకు ఏళ్లతరబడి బొమ్మలు గీస్తోంది. ఇప్పుడు వేసవి సెలవుల మీద ఒక పెద్ద పుస్తకం వస్తోంది. దాని కవరు తనదేనని ఎవరూ చెప్పకుండానే ఖాయం చేసేసుకుంది. ఆవిడ వేసిన బొమ్మ ఎడిటర్ బల్ల మీద ఉంది. వరండా, బయట ఎండ, నీడలో ఆడుకుంటున్న ఇద్దరు అక్కాచెల్లెళ్లు.

"గీతకు వంక పెట్టడానికి లేదండీ," అన్నాడు ఎడిటర్.

అంటే ఇంకేదో వంక ఉందన్నమాట. పెన్సిలు కాచుక్కూర్చుంది.

"కానీ... ఎండ తగలడం లేదు. కవరు చూస్తే చెమట పట్టాలి కదా! నాకు ఇంకో ఆలోచన వచ్చింది. అట్టతో చేసిన చిన్న ఇల్లు పెట్టి ఫొటో తీస్తే? మా అమ్మాయికి గుడ్డబొమ్మ కొన్నాం. అది కుట్టినావిడ మాటల్లో చెప్పింది, చిన్నప్పుడు వేసవుల్లో అట్ట ఇళ్లు కట్టేవాళ్లట. తీరా చూస్తే ఆవిడ మీ చెల్లెలు! ఎప్పుడూ చెప్పలేదేంటండీ?"

"మీరు అడగలేదుగా," అని పెన్సిలు నవ్వింది. ఆ నవ్వు నవ్వినందుకు దవడలు నొప్పి పుట్టాయి.

"రేపు ఆవిడ ఇల్లు తెస్తారు. మీ బొమ్మ, ఆ ఇల్లు పక్కపక్కన పెట్టి ఏదో ఒకటి తేల్చేద్దాం. ఎల్లుండి ఫొటోగ్రాఫర్ వస్తాడు."

మెట్లు దిగుతుంటే ఒళ్లు భగ్గుమంది. గుడ్డబొమ్మలు కుట్టుకునేది తనకు పోటీయా? బ్రష్షు ఏ వైపు పట్టుకోవాలో తెలియనిది! పెన్సిలు ఇంటిదారి పట్టకుండా సరాసరి చెల్లెలి ఇంటికి నడిచింది. ఆ ఇల్లేదో కళ్లారా చూడాలి. పెద్ద గొప్పగా ఏం లేదని తేల్చుకోవాలి. అప్పుడుగానీ అన్నం సహించదు.

చెల్లెలి ముద్దుపేరు గుండీ. చిన్నప్పుడు కంటపడ్డ ప్రతి చొక్కాకూ గుండీలు తెంపి దాచుకునేది. ఇప్పటికీ తలుపు తీసినప్పుడు దాని పెదాల మధ్య సూదో గుండీయో ఉంటుంది.

"రావే అక్కా! నీకే ఫోన్ చేద్దామనుకుంటున్నా. జాగ్రత్త, కింద చూసి నడువు."

నేలంతా ఇల్లే. గోడలు విడివిడిగా పాత పేపర్ల మీద ఆరుతున్నాయి. అడుగు అట్టలో కోసిన గాడుల్లో వాటిని నిలబెడితే ఇల్లవుతుంది. అట్టల మీద రంగుకాగితం ముక్కలు కత్తిరించి మైదా జిగురుతో అతికించింది. బొటనవేలంత కిటికీలు. వాటికి చీర అంచు పరదాలు. అగ్గిపుల్లల మధ్య దారం కట్టి, దాని మీద ఆరేసిన బుల్లి గౌను. ఓరగా తెరుచుకునే తలుపు. కిటికీ పక్కన గోడ మీద పసుపు కాగితం ముక్క ఒకటి ఏటవాలుగా పడి ఉంది. అంతే. చిన్న ముక్క.

పెన్సిలుకు చెమట పట్టింది.

అదే మంట. తను వారాలతరబడి రంగులు కలిపి తేలేకపోయిన ఎండ, ఇది కత్తెరతో కత్తిరించి పారేసింది!

"ఎలా ఉందే?" అని గుండీ పక్కన చతికిలబడింది. "అట్ట పని ముట్టుకుని ఎన్నాళ్లయిందో. మళ్లీ ఇప్పుడే. పెద్దమ్మ వాళ్లింటి వరండా గుర్తొచ్చింది కదూ?"

పెన్సిలు ఒక గోడను అందుకుని వెనక్కి తిప్పి చూసింది. వెనక అట్ట నున్నగా, బోడిగా ఉంది. కాగితం లేదు.

వేలు అక్కడే ఆగింది.

తడి కాగితం ఆరేటప్పుడు బిగుసుకుంటుంది. అట్టను తనవైపు లాక్కుంటుంది. వెనక కూడా అలాంటి కాగితమే అతికిస్తే అటూ ఇటూ సమానంగా లాగి గోడ తిన్నగా నిలబడుతుంది. లేకపోతే తెల్లారేసరికి విల్లు.

"ఏమైనా తప్పుందా అక్కా?"

ఒక్క మాట చాలు. నోటి చివరిదాకా వచ్చింది కూడా.

"ఏం లేదు," అంది పెన్సిలు, గోడను యథాస్థానంలో పెడుతూ. "బాగుంది."

దారంతా ఆ 'బాగుంది' గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అయినా కక్కబుద్ధి కాలేదు. పెద్దమ్మగారి వరండా గుర్తుందా అని అడుగుతుందా? గుర్తులేకేం! మొదటి వేసవిలో గోడలన్నీ వంగిపోతే ఈ గుండీ ఇల్లెగిరేలా ఏడ్చింది. "పెద్దదానివి, నువ్వే ఏదో ఒకటి చెయ్యి," అంది పెద్దమ్మ. చెల్లెలు మధ్యాహ్నం నిద్రపోతుంటే పెన్సిలు ఒక్కతే కూర్చుని, నాలుగైదు రకాలుగా తంటాలుపడి, ఆ కిటుకు కనిపెట్టింది. గుండీ లేచేసరికి గోడలు తిన్నగా ఉన్నాయి, వెనక కాగితం అట్ట రంగులో కలిసిపోయింది. అది ఎగిరి గంతేసి, అలిగిన గోడలు వాటంతటవే మంచివైపోయాయనుకుంది. పక్కింటివాళ్లను పిలిచి, "చూశారా, మా గుండీ చేసింది," అని పెద్దమ్మ మురిసిపోయింది.

తర్వాత ప్రతి వేసవిలోనూ అదే తంతు. ముందువైపు మెచ్చుకోళ్లన్నీ చెల్లెలికి. వెనకవైపు చాకిరీ అక్కకు. నోరు తెరిచి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే అది నేర్చేసుకుంటుంది. ఇక తనకంటూ మిగిలేదేముంది?

మర్నాడు ఆఫీసులో గుండీ పెట్టె విప్పింది. మొదటి గోడ తీయగానే దాని ముఖం వాడిపోయింది. అప్పడం కాలినట్టు వంగి ఉంది. రెండోదీ అంతే. ఒక్కటీ గాడిలో దిగలేదు. నొక్కితే చిరిగేలా ఉంది.

"అరెరె," అన్నాడు ఎడిటర్. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, నిట్టూర్చి, పెన్సిలు బొమ్మను ముందుకు లాక్కున్నాడు. "పోనీలెండి. దీంతోనే కానిచ్చేద్దాం. దీనికీ ఏం తక్కువని!"

కవరు వచ్చి ఒళ్లో పడింది. ఇక చేయాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం.

గుండీ గోడలను పెట్టెలో సర్దుతూ ముక్కు ఎగబీల్చింది. "అప్పట్లో నేను చేస్తే ఒక్క గోడా వంకరగా ఉండిపోయేది కాదండీ. అక్కనడగండి. ఇదే అట్ట, ఇదే జిగురు. ఇప్పుడు నా చెయ్యి పోయినట్టుంది."

"నీ చెయ్యా?"

ఆ కేక తన నోట్లోంచే వచ్చిందని పెన్సిలుకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

"నీ చేతి మహిమనుకున్నావా ఇన్నాళ్లూ? వెనక కాగితం ఎవరు అతికించేవాళ్లే? నువ్వు గుర్రుపెట్టి నిద్రపోతుంటే ఎండలో కూర్చుని గోడగోడకూ ఎవరు అతికించారు?"

"ఏ వెనక?" గుండీ అయోమయంగా చూసింది.

పెన్సిలు గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయింది. తడి కాగితం, లాగుడు, వరండా, పక్కింటివాళ్లు, పెద్దమ్మ మురిపెం. చెప్పి చెప్పి ఆగేసరికి గుండీ అయోమయం పోయింది. కళ్లు చిన్నవయ్యాయి.

"నిన్న వెనక్కి తిప్పి చూశావు."

ఎడిటర్‌కు ఉన్నట్టుండి పైనున్న ఫ్యాను మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది.

"చూశాను," అంది పెన్సిలు.

"తప్పుందా అని అడిగాను."

"అడిగావు."

"మరి?"

"కవరు నాకు కావాలి. అంతే."

"నాకూ కావాలే!" గుండీ పెట్టెను బల్ల మీద పడేసింది. "ఎంత కుళ్లే నీకు! చిన్నప్పుడూ ఇంతేనా?"

"ఇంతకంటే ఎక్కువ."

గుండీ అక్క చేతుల వంక చూసింది. "ఆగాగు. అందుకేనా రోజూ నీ గోళ్లకు మైదా? వంటింట్లో దొంగతిండి తింటున్నావనుకుని పెద్దమ్మకు నేనే చాడీలు చెప్పాను."

"ఆ వీపు చీరేసిన దెబ్బలు నీ పుణ్యమా?"

"నాదే," అంది గుండీ, ఏమాత్రం సిగ్గుపడకుండా. మరుక్షణం దాని నోరు వంకర తిరిగింది. నవ్వాపుకోవడానికి బుగ్గలు ఉబ్బించింది. పెన్సిలు ముఖం తిప్పుకుంది, తనకూ నవ్వొస్తోందని తెలియకూడదని.

"ఇంతకీ," ఎడిటర్ ఫ్యాను మీది నుంచి దిగి వచ్చాడు, "ఆ గోడలు సరవుతాయా?"

పెన్సిలు బల్ల వైపు తిరిగింది. బల్ల మీద తన బొమ్మ ఉంది. నీడలో ఇద్దరు పిల్లలు, ఎక్కడా వంక లేకుండా. పెట్టెలోంచి తొంగిచూస్తున్న వంకర గోడ మీద పసుపు ముక్క. ఇప్పటికీ చెమట పట్టిస్తూనే ఉంది, పాడుది.

"రేపటికి అవుతాయి. మైదా తెప్పించండి, మంచి కాగితం ఇవ్వండి. పైన పెట్టడానికి బరువు కావాలి."

"బరువుకేం, అమ్ముడుపోని పుస్తకాలు గదినిండా ఉన్నాయి," అన్నాడు ఎడిటర్. "ఒక్కసారైనా ఎవరికో ఒకరికి పనికొస్తాయి."

కాగితాలు వచ్చాయి. జిగురు ఉడికేలోపు పెన్సిలు చెవి వెనక నుంచి పెన్సిలు తీసింది. వెనక గోడకు లోపలివైపు అతికించబోయే కాగితం మీద లోపలి గది గీసింది. గదిలో చాప మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఒక పిల్ల. దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గోళ్లనిండా జిగురుతో కాగితం అతికిస్తున్న ఇంకో పిల్ల.

"నోరు తెరుచుకుని పడుకునేదాన్నా నేను?"

"చొంగ కూడా కార్చేదానివి. దయతలచి వదిలేశాను. చూడు, జిగురు ఇంత పల్చగా రాయాలి."

గుండీ చూసింది, నేర్చేసుకుంది. అది నేర్చేసుకుంటుంటే పెన్సిలుకు తనకంటూ మిగిలిందొక్కటీ చెయ్యిజారుతున్నట్టే ఉంది. అయినా చెయ్యి ఆపలేదు.

మర్నాడు పుస్తకాల గుట్టల కింద నుంచి గోడలు బల్లపరుపుగా బయటికొచ్చాయి. ఇల్లు లేచి నిలబడింది. ఫొటోగ్రాఫర్ దీపాలు సర్ది, కెమెరాలో కన్ను పెట్టి, "భలే ఉంది! లోపల ఎవరో పిల్ల పనిచేసుకుంటోంది," అన్నాడు.

గుండీ వంగి ఓరగా ఉన్న తలుపులోంచి చూసింది. జిగురు రాస్తున్న పిల్ల నిండుగా కనిపిస్తోంది. నిద్రపోయే పిల్ల పూర్తిగా తలుపు చాటున ఉంది.

"నేను కనిపించట్లేదే!"

"నిద్రపోతున్నావుగా," అంది పెన్సిలు.

నిన్న కొలత చూసుకునే గీసింది మరి.

గుండీ చిటికెనవేలితో తలుపును ఇంకాస్త తోసింది. పెన్సిలు దాన్ని మెల్లిగా వెనక్కి లాగింది. గుండీ మళ్లీ తోసింది.

"ముందు ఆ తలుపు సంగతి తేల్చుకోండమ్మా," అని ఫొటోగ్రాఫర్ అమ్ముడుపోని పుస్తకాల మీద కూర్చున్నాడు.