కుందేళ్ళ పస్తు

మూకాయికి పస్తు అనే మాటే గిట్టదు. సాయంత్రం మిల్లు సైరను, అదే అక్కడి మాటలో సంగు, ఊదగానే దీపం వెలిగించాలి, ఆ తర్వాత ఇంటి కప్పు కింద ఏ ప్రాణీ ఆకలితో పడుకోకూడదు. వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి అది. మిల్లులో దూది దుమ్ముకు దగ్గు పట్టి, కోయంబత్తూరు చివర ఒక పరిశోధనశాలలో కుందేళ్ళ గది చూసుకునే పనికి వచ్చాక కూడా ఆ పద్ధతి వదల్లేదు. ఇదీ ఒక కప్పే కదా!

అక్కడ డాక్టర్ కోమలవల్లి కుందేళ్ళకు నెయ్యి కలిపిన మేత పెట్టించి, తంగేడు పూల (అక్కడ ఆవారంపూలంటారు) రసం తాగిస్తోంది. నెత్తుట్లో చక్కెరనూ కొవ్వునూ ఆ రసం తగ్గిస్తుందా, గుండెను కాపాడుతుందా అన్నది తేల్చాలని ఆవిడ తపన. సాయంత్రం నుంచి, తెల్లారి నెత్తురు తీసేదాకా మేత పెట్టవద్దని గట్టిగా చెప్పింది. మూకాయి బుద్ధిగా తలూపింది. దీపాలవేళ అవి బోనులోంచి చూసిన చూపుకు ఆ బుద్ధి కాస్తా ఎగిరిపోయింది. బెల్లం వేసిన రాగి ముద్ద తలా కొంచెం పెట్టింది. చిరుగుచెవి కుందేలంటే ప్రాణం కాబట్టి దానికి ఇంకాస్త. రోజూ అదే వరస.

ఒక ఉదయం కోమలవల్లి బల్ల మీద తల వాల్చి ఏడుస్తూ కనబడింది.

"చక్కెర దిగనే లేదు మూకాయక్కా. ఈ ఆవారంపూలే మా తాతను కాపాడినాయని అవ్వ చెప్పేది. అది నమ్మి ఇంత పాటు పడినాను. పూలు పనికిరావని రేపు మా ల్యాబు పెద్దాయనకు చెప్పేస్తాను."

తప్పెక్కడ జరిగిందో మూకాయికి తెలుసు. నిజం చెబితే పని ఊడుతుంది. దగ్గే మనిషిని ఇంక ఏ మిల్లు రానిస్తుంది? చెప్పకపోతే ఈ పిల్ల పడ్డ కష్టమంతా మట్టిపాలు.

"పూల మీద తప్పు లేదమ్మా. పొద్దుగూకితే నేనే రాగి ముద్ద పెడతా ఉండినాను."

కోమలవల్లి దిగ్గున లేచింది. "వద్దని చెప్పినాను కదా! ఎందుకు పెట్టినావు?"

"దీపం పెట్టినాక ఆకలితో ఎట్ల పండుకుంటాయి, పావం? మీ ఇంట్లో అట్ల పస్తు పెడతారా?"

కోమలవల్లికి, పిల్లికి పెట్టందే అన్నం ముట్టని అవ్వ గుర్తొచ్చింది. కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"పనిలోంచి తీసేస్తారామ్మా?"

"నిన్ను తీసేస్తే వీటిని ఎవరు చూసేది? అంతా మొదటినుంచి చేయాల. ఈసారి నిజంగా పస్తు ఉంచాల. చివర వీటి గుండెలు కోసి చూడాల అక్కా, అది నీకు దాచలేను."

"తెలుసమ్మా," అంది మూకాయి. కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రం సంగు ఊదింది. దీపం వెలిగింది. కుందేళ్ళు ఎప్పటిలాగే చూశాయి. గది తాళం వేద్దామని వచ్చిన కోమలవల్లికి, బోను పక్కన విప్పని అన్నం మూటతో కూర్చున్న మూకాయి కనబడింది.

"తిన్లేదా అక్కా?"

"ఉన్నన్నాళ్ళు ఇవి ఒంటిగా పస్తుండగూడదమ్మా. నేనూ ఉంటా."

కోమలవల్లి తన కారియర్ పక్కన పెట్టి, ఆమె దగ్గరే నేల మీద కూర్చుంది. చిరుగుచెవి కుందేలు మూకాయి వేళ్ళు వాసన చూసింది. రాగి వాసన లేదు. అయినా ఆ చేతి మీదే తల ఆనించి పడుకుంది.