మీవేనండి

మా ఆఫీసులో నా పని జాబితాలు రాయడం. ఒక కంపెనీ మీద దివాలా కేసు తీసుకోగానే ట్రిబ్యునల్ దాని తాళాలు మా సార్ చేతికి ఇప్పిస్తుంది. సార్ అంటే శ్యామ్ సుందర్ గారు, విజయవాడలో రిజల్యూషన్ ప్రొఫెషనల్. మునిగిపోతున్న కంపెనీని కొన్నాళ్లు చేతిలో పెట్టుకుని, ఉన్నదేమిటో లేనిదేమిటో తేల్చి, కొనేవాళ్లని వెతికి అప్పగించడం ఆయన ఉద్యోగం. తాళం తీశాక లోపల ఏముందో, అది ఎవరిదో రాయడం నా ఉద్యోగం. నా పేరు జెనిఫర్. మాది గుడివాడ. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. ఈ సంగతిలో ఆ కోపమంతా నా మీదే కాబట్టి చదివేవాళ్లకు భయం అక్కర్లేదు.

కిందటేడు జూలైలో పెడన వెళ్లాం. కలంకారీ గుడ్డ ఎగుమతి చేసే తీరరేఖ ఫ్యాబ్రిక్స్ అనే కంపెనీ. ఆరేళ్ల కిందట వాళ్లు బందరు రోడ్డు మీద రెండెకరాల్లో షెడ్డు వేశారు. ఊళ్లో ఇంటి దగ్గరే అద్దకం చేసుకునేవాళ్లని పిలిచి, మీ అచ్చులు తెచ్చుకుని ఇక్కడే పని చేయండి, పీసు లెక్కన ఇస్తాం అన్నారు. కొన్నాళ్లు ఇచ్చారు కూడా. తర్వాత అప్పు కట్టడం మానేశారు, బ్యాంకు ట్రిబ్యునల్‌కి వెళ్లింది, షెడ్డుకి తాళం పడింది.

లోపల గుడ్డకి పట్టించే కరక్కాయ వాసన, రేకుల వేడి. నా జాబితాలో మూడు గడులుంటాయి: వస్తువు, దాని స్థితి, ఎవరిది. మూడో గడిలో కంపెనీది అని రాస్తే అక్కడితో పని అయిపోతుంది. వేరేవాళ్లది అని రాస్తే కాగితాలు కావాలి, బ్యాంకువాళ్లకి సంజాయిషీ ఇవ్వాలి. అంతకుముందు వారమే ఇంకో కంపెనీ జాబితాలో వేరేవాళ్లవి మరీ ఎక్కువ రాశానని చీవాట్లు తిని ఉన్నాను.

షెడ్డు చివర అలమరల ముందు ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. పిచ్చేశ్వరరావు గారు, అలా అచ్చులు తెచ్చుకుని వచ్చిన అద్దకంవాళ్లలో ఒకాయన. డెబ్భై దగ్గర పడ్డ మనిషి, వేళ్ల చివర్లు నల్లగా రంగుపట్టి ఉన్నాయి. అలమరల్లో టేకు చెక్క అచ్చులు రెండు వందల పైచిలుకు. ఒక్కొక్కటే తీసి భుజం మీద తువ్వాలుతో తుడిచి చూపించాడు. వాళ్ల తాతగారి నాటివి కొన్ని, నాన్నగారు చెక్కించినవి ఎక్కువ. ఒక్కో బొమ్మకి నాలుగు అచ్చులట. నల్ల గీతలకి ఒకటి, రంగులు నింపడానికి మూడు. ఏ ఒక్కటి పోయినా మిగతా మూడూ దండగేనట. ఏడాదికోసారి వాటికి నూనె పట్టించకపోతే నెర్రెలిస్తాయనీ, ఈసారి తాళం వేసి ఉండటంవల్ల కుదరలేదనీ దిగులుపడ్డాడు.

అప్పుడే ఆయన కూతురు వాణి ఒక చేత్తో మజ్జిగ క్యాను, రెండో చంకలో ఏడాది పిల్లతో వచ్చింది. అక్కడున్న ఒక్క కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. రెండు గ్లాసులు తాగాను. పాప మీ మనవరాలా అని అడిగితే ఆయన నవ్వి, మీ పాపేనండి అన్నాడు. నేనూ నవ్వి పాప బుగ్గ గిల్లాను. తర్వాత పెన్ను తీశాను.

"బాబాయిగారూ, ఈ అచ్చులు ఎవరివండీ?"

అదే నవ్వుతో, అదే గొంతుతో ఆయన జవాబు చెప్పాడు.

"మీవేనండి. ఇంకెవరివి?"

మూడో గడిలో కంపెనీవి అని రాశాను.

మా వైపు ఎవరైనా అంతే. ఇల్లెవరిదంటే మీదేనండి అంటారు. గేదె ఎవరిదన్నా మీదేనండి అంటారు. అడిగినవాళ్లు నవ్వేసి, అసలు సంగతి రెండోసారి అడగాలి. గుడివాడలో పుట్టి పెరిగినదాన్ని, ఇది నాకు ఒకరు నేర్పాలా? రెండోసారి అడగలేదు, అంతే. ఎండగా ఉంది, ఇంకా రంగుల తొట్లు లెక్కపెట్టాలి, సాయంత్రం లోపల విజయవాడ చేరాలి. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆయన చదవలేదు. రాత ముత్యాల్లా ఉందని మెచ్చుకుని సంతకం పెట్టాడు.

దసరా వెళ్లాక ఆయనే మా ఆఫీసుకి వచ్చాడు. గుడివాడలో బస్సు మారి వచ్చాడట. కంపెనీ నుంచి తనకి రావలసిన కూలి సంగతి ఎత్తనే లేదు. అది పోతే పోయిందిలెండి అన్నాడు. బందరు షావుకారు ఒకాయన దుప్పట్లకి గుడ్డ ఇచ్చాడట. ఇంటి దగ్గరే మళ్లీ బల్ల వేసుకుంటాడట. అచ్చులు ఇప్పిస్తే ఆటోలో తోలించుకుపోతానన్నాడు. అవి ఉంటే తన పని తనకి ఉంటుంది. అవి లేకపోతే ఈ వయసులో ఎవరి దగ్గరో రోజు కూలికి నిలబడాలి. ఆయన అడిగింది అంతే.

సార్ జాబితా తీసి ఆయన ముందు పెట్టి, అచ్చులు కంపెనీవని ఇందులో ఉంది అన్నారు. ఆయన తన సంతకాన్ని చూశాడు.

"మర్యాదకి అన్నానండి," అన్నాడు.

మా సార్ చెడ్డమనిషి కాదు. బిల్లుగానీ, కంపెనీకి అచ్చులు ఇచ్చినట్టు చీటీగానీ ఉందా అని ఓపిగ్గానే అడిగారు. నాన్న చెక్కించినవాటికి బిల్లేమిటండి, చెక్కినాయన పోయే ముప్పై ఏళ్లయింది అన్నాడు పిచ్చేశ్వరరావు గారు. ప్రతి అచ్చు వెనకా వాళ్ల నాన్న చిన్న చేపబొమ్మ చెక్కించాడట, అదే గుర్తట. సార్ ఇంకో కాగితం తీశారు. కంపెనీ డైరెక్టరు అప్పు తీసుకునేటప్పుడు ఈ అచ్చులన్నీ తమవేనని బ్యాంకుకి రాసిచ్చాడు. డైరెక్టరు రాసిందీ మీరు సంతకం పెట్టిందీ ఒకటే చెబుతుంటే నేనేం చేయనండీ అని సార్ చేతులెత్తేశారు.

వేరేవాళ్ల వస్తువు నమ్మకం మీద కంపెనీ దగ్గర ఉంటే దాన్ని ముట్టుకోకూడదని మా దివాలా చట్టంలోనే ఉంది. ఆ మాట నాకు నోటికి వచ్చు. కాకపోతే అది వేరేవాళ్లదని ఎవరో ఒకరు నోరు విప్పి చెప్పాలి. సార్ నా వైపు తిరిగారు.

"అమ్మా జెనిఫర్, అక్కడ నువ్వే ఉన్నావుగా. ఈయన ఏమన్నారు?"

రెండు రోజుల్లో కొనేవాడి ప్లాను మీద అప్పులిచ్చినవాళ్ల కమిటీ ఓటు వేయబోతోంది. గడువు దగ్గరపడింది. ఢిల్లీలో దివాలా చట్టానికి సవరణ బిల్లు పెట్టారు, ఇకముందు గడువులు ఇంకా బిగిస్తారని సార్ రోజూ హడావుడి పడుతున్నారు. ఇప్పుడు జాబితా మారిస్తే ఎందుకు మారిందో సంజాయిషీ రాయాలి, అందులో నా పేరుంటుంది. జనవరిలో నా ఉద్యోగం పర్మనెంటు కావాలి. ఇవన్నీ ఒక్క క్షణంలో లెక్క కట్టుకున్నాను. లెక్కలు బాగానే వచ్చు నాకు.

"మీవేనండి అన్నారు సార్," అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. పెద్దాయన నా వంక చూశాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడినా బాగుండేది. ఆయన తలూపి, "అవునండి, అన్నాను," అన్నాడు. నా మాటకి సాక్ష్యం కూడా ఆయనే పలికి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ శనివారం ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను. మా అమ్మ కృపావతి ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. ఎవరికి ఎక్కడ నొప్పో చూడగానే తెలిసిపోతుంది ఆవిడకి. నేనేమీ అబద్ధం చెప్పలేదు కదమ్మా అన్నాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విన్నది.

"పాపని కూడా ఆయన మీ పాపే అన్నాడన్నావుగా. మరి పాపని రాసుకోలేదేం?" అంది.

సోమవారం పొద్దున్నే సార్ గదిలోకి వెళ్లి, ఆయన మర్యాదకే అన్నాడు సార్, నాకు తెలుసు అని చెప్పాను. సార్ కళ్లజోడు తీసి, కమిటీ ఓటు అయిపోయింది కదమ్మా అన్నారు. ఇప్పుడిక ఆయనే వకీలుని పెట్టుకుని ట్రిబ్యునల్లో వేసుకోవాలట, నేను తప్పు రాశానని అందులో చెప్పాలట. పెడనకి ఫోను చేశాను. పిచ్చేశ్వరరావు గారు అంతా విని, వద్దులెండి అమ్మా అన్నాడు. మీరు తప్పు చేశారని నేను కోర్టులో చెప్పాలా, ఉద్యోగం చేసుకునే ఆడపిల్ల, ఎందుకులెండి అన్నాడు. నేనే ట్రిబ్యునల్‌కి వెళ్లి ఆ మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఫోను పెట్టేశాక నాకు హాయిగా అనిపించింది. జరిగినదాంట్లో నేను అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడేది ఆ హాయికే.

జనవరిలో నా ఉద్యోగం పర్మనెంటయింది. ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆర్డరు వచ్చింది. వీడియోలో విచారణకి పదిహేను నిమిషాలు పట్టిందంతే. జాబితాలో ఉన్నదంతా కొత్త యజమానిది, ప్లానులో లేని బాకీలూ హక్కులూ ఏవైనా ఉంటే అవి ఈ రోజుతో పోయినట్టే. కొనేవాడికి తుడిచిన పలక ఇవ్వాలమ్మా, పాత గీతలు ఉంటే ఎవడు కొంటాడు అని సార్ ఎప్పుడూ అనేమాట. అది నిజమే, అలా కొన్న కంపెనీల్లో మళ్లీ జీతాలు రావడం నేను చూశాను. ఇక్కడ కొత్తాయనకి కావలసింది స్థలం. బందరులో పోర్టు వస్తోందని గోడౌన్లు కట్టిస్తాడట. అచ్చులు లారీకెక్కి హైదరాబాదులో ఇళ్ల అలంకరణ సామాను అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లాయని వాచ్‌మన్ చెప్పాడు.

ఏప్రిల్లో కొత్త యజమాని హోటల్లో విందు ఇచ్చి, కేసులో పనిచేసిన మా అందరికీ తలా ఒక జ్ఞాపిక ఇచ్చాడు. గదికొచ్చి అట్టపెట్టె విప్పాను. నగిషీ స్టాండు మీద నిలబెట్టిన టేకు అచ్చు, కింద ఇత్తడి రేకు మీద కృతజ్ఞతలతో అని నా పేరు. వెనక పచ్చగుడ్డ అంటించి ఉంది. గోటితో పీకి చూశాను. చేప ఉంది. ఎంతసేపు ఏడ్చానో తెలీదు.

మర్నాడు ఆదివారం. చర్చికి వెళ్లకుండా పెడన వెళ్లాను. పిచ్చేశ్వరరావు గారు వసారాలో ఉన్నాడు. మిగతా రోజుల్లో రెండు వీధుల అవతల ఒకరింట్లో రోజు కూలికి అద్దుతున్నాడట, అచ్చులు వాళ్లవి. అట్టపెట్టె ఇచ్చాను. ఆయన అచ్చు ముఖంవైపు చూడనేలేదు. వెనక వేళ్లతో తడిమాడు.

"చిలకల బారుది. గీతల అచ్చు," అన్నాడు. తర్వాత, "మిగతా మూడూ ఏవండీ?" అని అడిగాడు.

తెలీదన్నాను. దీంతో నల్ల గీత ఒక్కటే పడుతుందండి, చిలకకి రంగు రాదు అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, పని సంగతి చెప్పినట్టే చెప్పాడు. ఇత్తడి రేకు మీద నా పేరు కనిపించకుండా నేను చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

"తప్పు నాదండీ బాబాయిగారూ. మీరు మర్యాదకే అన్నారని నాకు అప్పుడే తెలుసు."

"మీకు తెలుసని నాకూ తెలుసండి. పాప మీదేనంటే నవ్వారుగా," అన్నాడు.

వాణి మజ్జిగ తెచ్చి నా పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. ఆమె వెనకాలే వచ్చిన పాప వసారాలో ఆగిపోయింది. ఇప్పుడు నడుస్తోంది. తాత మోకాళ్ల మధ్య నిలబడి నా చేతిసంచి వైపు చూసింది. నేను నవ్వబోయాను. ఆయన అచ్చు పక్కన పెట్టి, రెండు చేతులతో పాపని దగ్గరికి తీసుకున్నాడు.

"నా మనవరాలండి," అన్నాడు. "మా వాణి కూతురు. నా మనవరాలు."

ఎవరి పాప అని నేను అడగనేలేదు.