తాలులో పడ్డ ఎర్రకాయలు

మిరపకాయ ఎర్రగా ఉంటే ముందున్న గంపలోకి, తెల్లబారిన తాలుకాయైతే వెనక కుప్ప మీదికి. ఏడేళ్లుగా జమ్ములమ్మ చేతులకు అలవాటైన పని. ఈ వారం మాత్రం ఒక్కో కాయనూ ముక్కు దాకా తెచ్చుకుని చూస్తోంది. ఎండ ముదిరేకొద్దీ కుడికంట్లో మసక చిక్కబడుతోంది. చూపు పక్కకు తిప్పితే కనుగుడ్డు వెనకాల సలుపు.

"మల్ల రుద్దినవా?" పక్కనే ఏరుతున్న అత్త సత్తెమ్మ గొణిగింది. "మిరపకాయల చెయ్యి కంట్ల పెట్టకని ఎన్నిసార్లు జెప్పాలె?"

"మిరపకాయ గాదత్తా! నరమని డాక్టరమ్మ జెప్పలే?"

"ఆమెకేమెరుక? ఎన్నడన్న కల్లంల కూసుందా?"

జమ్ములమ్మ పళ్లు కొరుక్కుంది. పది రోజులుగా ఇదే గోల. పక్కింటామె ఆముదం పెట్టమంది. ఆడబిడ్డ ఫోను చూడొద్దంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పొద్దస్తమానం మొగుడి జేబులోనే ఉంటుంది. ఆ మొగుడు కురుమూర్తి గద్వాలలో కళ్లద్దాలు చేయించి తెచ్చి, రోగం కుదిరిపోయినట్టే తిరుగుతున్నాడు. పెట్టుకుంటే అదే మసక, పైగా ముక్కు మీద బరువు. ఇవాళా ఏరడానికి కూర్చోగానే చిరాకేసి, తీసి వెనక నేల మీద పెట్టేసింది.

వనపర్తి దవాఖానలో డాక్టరమ్మ ఒక్కతే వేరే మాట అడిగింది. ఇంతకుముందు కాలో చెయ్యో రోజుల తరబడి తిమ్మిరెక్కిందా అని. జమ్ములమ్మ బిత్తరపోయింది. మూడేళ్ల కింద, అమూల్య పుట్టిన కొత్తలో, ఎడమకాలు పదిహేను రోజులు మొద్దుబారింది. బాలింతకు మామూలేనని అందరూ వదిలేశారు.

"కంటి వెనక నరం వాచిందమ్మా. కరెంటు తీగకు పైతొడుగు ఊడినట్టు నరాలకూ ఊడుతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటారు. అదేనని ఇప్పుడే చెప్పలేను. హైదరాబాదు పోయి తలకు స్కాన్ తీయించాలి. ఈ వారం దాటొద్దు."

"కంటికొస్తే తలకాయకు ఫోటో ఏందే? మిరప ఏరుడు ఒడవనీ, ఆనంక పోదాం," అన్నాడు కురుమూర్తి.

ఆ వారంలో ఐదు రోజులు అయిపోయాయి. పొద్దున బిడ్డకు జడ వేస్తూ ఎడమకన్ను మూసి చూసింది. ఎర్ర రిబ్బను మట్టిరంగులో ఉంది. బిడ్డ ముఖం నడుమ బూడిద చల్లినట్టుంది, ముక్కూ నోరూ లేవు.

మధ్యాహ్నం గాలి లేచింది. మిరప దుమ్ము ఎడమకంట్లో కొట్టి, నీళ్లు కారి, ఆ కన్ను మూసుకుపోయింది. చెబితే మళ్లీ తిట్లే. జమ్ములమ్మ కుడికంటితోనే ఏరుతూ పోయింది.

"ఏందిది సత్తెమ్మా?" కల్లం ఆసామి శివశంకర్ అరిచాడు. "బంగారమసొంటి కాయంత తాలుల పోసిండ్రు!"

"నా కోడలు ఏడేండ్లసంది ఏరుతుంది పటేలా, నోరు జర..." అంటూ వెనక్కి తిరిగిన సత్తెమ్మ ఆగిపోయింది. కుప్ప సగానికి సగం ఎర్రగా ఉంది.

ఒక కాయ తీసి కోడలి ముఖం ముందు పట్టింది. "గిదేం రంగే?"

"ఎండుగడ్డి తీరుగుంది."

సత్తెమ్మ కొంగు తడిపి కోడలి ఎడమకన్ను తుడిచింది. "గిప్పుడు?"

జమ్ములమ్మ రెప్ప బలవంతంగా తెరిచింది. "ఎరుపు," అంది.

సత్తెమ్మ చేతిలో కాయ తొడిమ తెగింది.

"పటేలా, జర నా కొడుక్కు ఫోన్ గొట్టు. డాక్టరమ్మ రాసిన చీటీ వట్టుకొని రోడ్డు మీది బస్టాండుకు రమ్మను, హైదరాబాదు పోవాలె. రానంటె నేనే ఆడికొచ్చి గుంజుకొస్తనని జెప్పు." కోడలి వైపు తిరిగింది. "ఇంగేం జూస్తున్నవ్? లే!"

"అమూల్య?"

"నేను లేనా? నేనేమన్న గుడ్డి..." నాలుక కరుచుకుంది. "పో బిడ్డా. మూడింటి బస్సు దొరుకుతది."

జమ్ములమ్మ ఒక చేత్తో కన్ను ఒత్తుకుంటూ గట్టు దాటింది. కాసేపటికి రోడ్డు మీద బస్సు ఆగి కదిలిన చప్పుడు వినిపించింది. సత్తెమ్మ కోడలి చోట కూర్చుని, తాలులోంచి ఎర్రకాయలు ఏరి గంపలో వేయడం మొదలుపెట్టింది. చివరికి తెల్లకాయలే మిగిలాయి. వాటి అడుగున, కురుమూర్తి గద్వాల నుంచి తెచ్చిన అద్దాలు. రెండు బిళ్లల మీదా సన్నటి మిరప దుమ్ము.