నాయన లేని పాట

నాయన్ని పూడ్చిపెడుతున్న చోట నేను నవ్వాను. ఏడుపులో కలిసిపోయే నవ్వు కాదు, పళ్ళన్నీ కనబడే నవ్వు. పెట్టెను గుంతలోకి దించి సంఘమంతా పాట అందుకున్నప్పుడు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఎదురుగా బైబిలు పట్టుకుని వంశీ పాస్టరుగారు. సరిగ్గా అప్పుడే ఆయన నావైపు చూడాలా!

ఆయన హూడిలో మా చర్చికి వచ్చి నెల కూడా కాలేదు. మా నాయన బాలయ్యను మంచంలో తప్ప చూడలేదు. ఈ చుట్టుపక్కల ఎన్నో మేడలకు సెంట్రింగ్ కొట్టిన మనిషి అప్పటికే మాట పడిపోయి ఉన్నాడు.

మర్నాడు పాస్టరుగారు ఇంటికొచ్చారు. ప్రార్థన చేసి, మెల్లగా అన్నారు. "నేత్రావతి సిస్టర్, ఆదివారం జ్ఞాపకార్థ కూడికలో నాన్నగారి గురించి సాక్ష్యం మీ తమ్ముడు రాజు చెబుతాడు. సమాధి దగ్గర నవ్వినవాళ్ళు మాట్లాడితే సంఘం ఏమనుకుంటుంది? మీ హృదయం మెత్తబడాలని ప్రార్థన చేస్తున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎనిమిది నెలలు నాయనకు గంజి తాపింది నేను. ఆయన గురించి నేను చెప్పకుంటే ఇంకెవరు చెప్తారు అయ్యగారూ? రాజుగాడా? వాడు నాలుగు మాటలు వరసగా మాట్లాడింది యాడుండాది?"

ఆయన తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయారు. ఆ రాత్రి అన్నం సయించలేదు. నాయన గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు కూడా నాకు లేదా?

ఆదివారం రాజు మైకు పట్టుకుని "మా నాయన..." అని బావురుమన్నాడు. అంతే, ఇంక మాట రాలేదు. నేను ఎవరినీ అడగలేదు. లేచి వెళ్ళి మైకు లాక్కున్నాను. పాస్టరుగారు చెయ్యెత్తి, మళ్ళీ దించేశారు.

"మా నాయన ముప్పై ఏండ్లు ఈ చర్చిలో పాడినాడు. ఒక్క పాటా శ్రుతిలో పాడలా. అందరూ ఒక దిక్కు పోతావుంటే ఆయనొక దిక్కు. కీబోర్డు వాయించేవాళ్ళు ముగ్గురు మారినారు. ఔనా, కాదా?"

"నలుగురు మేయ్!" అని వెనక నుంచి మారెమ్మవ్వ అరిచింది. హాలంతా గొల్లుమంది.

"ఆ దినం గుంతకాడ మీరంతా పాడినారు. ఎంత చక్కగా వచ్చినాదో పాట! ఎనిమిది నెలలు మంచంకాడే ఉండి చర్చికి రాలా గదా, నాయన గొంతు లేని పాట నేను ఇనింది ముప్పై ఏండ్లల్లో అదే మొదటిసారి. దానికే నవ్వొచ్చినాది నాకు." మైకు ఇంకా దగ్గరికి పెట్టుకున్నాను. "అంత చక్కగా ఉంటే ఏమీ బాగలేదు."

పాస్టరుగారు లేచి నా దగ్గరికొచ్చారు. "తప్పు నాదే సిస్టర్. తెలియక తీర్పు తీర్చాను. ఆయన ఎలా పాడేవారో ఒక్కసారి వినిపిస్తారా?"

నాయన ఎత్తే ఎత్తులోనే పాట ఎత్తుకున్నాను. పిల్లలు చెవులు మూసుకున్నారు, మారెమ్మవ్వ చప్పట్లు కొట్టింది. ఒక చరణం సగానికొచ్చేసరికి, ఇన్ని రోజులూ రాని ఏడుపు ముంచుకొచ్చి పాట ఆగిపోయింది. మిగతా సగం సంఘమంతా పాడింది, ఎవరి శ్రుతి వాళ్ళది. అందరికంటే గట్టిగా, అందరికంటే ఘోరంగా పాడింది వంశీ పాస్టరుగారే.