పదిమందికి ఒక్క సిమ్ము

నేను ఒక సిమ్ కార్డుని. ఎక్కడ తయారయ్యానో గుర్తులేదు గానీ, వెలుగు చూసింది మాత్రం కౌలాలంపూర్ విమానాశ్రయంలో. చూసిన కాసేపటికే నన్ను పులిహోర అనుకున్నారు.

నన్ను కొన్నది కాకినాడ ధనకోటి గారు. పేరులో కోటి ఉన్నా చేతిలోంచి కాణీ రాలదు. బంధువులందరినీ వెంటేసుకుని మలేషియా చూపించడానికి వచ్చారు. "రోమింగ్ వేసుకుంటే బిల్లు చూసి రోమాలు నిక్కబొడుచుకుంటాయి! తలా ఒక చిప్పు కొంటే చివరికి చేతికి చిప్పే!" అంటూ అందరి ఇండియా సిమ్ములనీ నిద్రపుచ్చి, పదిమందికీ కలిపి నన్నొక్కదాన్నే కొన్నారు. నా జీబీలన్నీ ఆయన ఒక్క జేబులోకి పోయాయి. అక్కడినుంచే అందరికీ నెట్ పంచుతారట.

"హాట్‌స్పాట్ తెరుస్తున్నాను, అందరూ నా చుట్టూ చేరండి!" అని కేకేశారు. ఆయన భార్య సత్యవేణికి అక్క వరహాలమ్మ గారు. ఆవిడకది హాట్‌బాక్స్ అని వినిపించింది. వెంటనే సంచీలోంచి హాట్‌బాక్స్ తీసి, కాగితం పళ్లేల్లో పులిహోర వడ్డించేశారు. నోటినిండా పులిహోర పెట్టుకున్నవాళ్లు ఆవిడని సరిదిద్దలేదు. నావైపు ఒక్కరూ చూడలేదు.

ఆ తర్వాత నాకు కుదురన్నదే లేదు. ధనకోటి గారు నన్ను తెరవడం, "పంపేశారా మెసేజులు? ఫొటోలు ఎవరూ పంపొద్దు!" అని మూయడం. సిమ్మును నేనైనా సింహాసనం ఆయనది. పది అడుగులు వెనకబడ్డవాళ్లకి కాకినాడ తెగిపోతుంది. అందుకని ఆయన మెట్లెక్కితే బంధుజనం మెట్లెక్కేది. ఆయన బాత్రూముకి వెళ్తే గుమ్మం బయట ఫోన్లెత్తుకుని నిలబడేది. బంధుత్వం రక్తంలో ఉంటుందని మనుషులు అంటారు. నేను చూసినంతలో అది పది అడుగుల్లో ఉంటుంది.

నాలో కాస్త డేటా మిగిల్చి విమానమెక్కాలి, ఊళ్లో గొప్పగా చెప్పుకోవాలి. ఆయన కోరిక అదొక్కటే.

చివరిరోజు పెద్ద మాల్‌లో తిరిగాం. బయట బస్సు సిద్ధంగా ఉంది, అటునుంచటే విమానానికి. గేటు దగ్గర అందరూ చేరాక చూస్తే వరహాలమ్మ గారు లేరు.

"అక్కేదండీ?" అంది సత్యవేణి.

"మెసేజ్ పెట్టవే."

"ఎలా చూస్తదండీ? హాట్‌స్పాట్ మూసేసింది మీరేగా! మాల్ వాళ్ల వైఫై ఓటీపీ అడుగుతుంది, అదొచ్చే సిమ్ముని పడుకోబెట్టిందీ మీరే!"

"నా కొత్త నంబరుకి చేస్తుందిలే..."

"ఎవరికిచ్చారేంటి? మాట్లాడేసి అరగదీస్తారని దాచుకున్నారుగా! అక్క పాస్‌పోర్టు కూడా నా సంచీలోనే ఉందండీ బాబూ!"

బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. ధనకోటి గారు మాల్‌వైపు తిరిగారు. ఉన్నట్టుండి, "అందరూ ఫోన్లు కట్టేయండి!" అని అరిచారు. "హాట్‌స్పాట్ తెరుస్తాను. ఎన్ని ఫోన్లు తగులుకున్నాయో తెరమీద అంకె పడుతుంది. మీవన్నీ ఆపేశాక కూడా అంకె పడిందంటే, అది వదినగారి ఫోనే!"

నన్ను తెరిచి పట్టుకుని పరుగెత్తారు, వెనకాలే సత్యవేణి. ఒక్కో అంతస్తూ గాలించారు. సున్నా. చెప్పుల కొట్టు దగ్గర సున్నా. బొమ్మల కొట్టు దగ్గర సున్నా. గొడుగుల కొట్టు దాటుతుంటే ఒకటి! చుట్టూ చూస్తే ఎవరూ లేరు. నాలుగడుగులు ముందుకేస్తే మళ్లీ సున్నా. వెనక్కొస్తే ఒకటి. తలుపు తట్టింది ఆవిడేనని నాకు తెలుసు. చెప్పడానికి నోరేదీ?

ఈలోగా ఇన్నాళ్లూ పస్తున్న ఆవిడ ఫోను నన్ను జుర్రుకోవడం మొదలెట్టింది. దాచుకున్న ఫొటోలన్నీ వరసగా ఇండియాకి పోతున్నాయి. డేటా అయిపోవస్తోందని తెరమీద హెచ్చరిక పడింది. అలవాటుకొద్దీ ధనకోటి గారి బొటనవేలు మూసే బొత్తాం మీదికి వెళ్లింది.

"మూస్తారా?" అంది సత్యవేణి.

ఆయన వేలు గాల్లో ఆగిపోయింది. "పోనీవే. పోతే నెట్టు పోతుంది. మనిషి దొరకాలి" అని చేయి వెనక్కి తీసుకున్నారు. ఇన్నాళ్లూ జేబులో ఉక్కబోతకి ఆయన్ని తిట్టుకున్నాను. ఆ ఒక్క మాటతో కోపం దిగిపోయింది.

"పక్కన లేదంటే కిందుందేమోనండీ!" అంటూ సత్యవేణి రెయిలింగ్ మీంచి తొంగిచూసింది. సరిగ్గా మా కింది అంతస్తులో, బల్లమీద, ఫోను ఆకాశానికెత్తి కూర్చున్నారు వరహాలమ్మ గారు.

"వదినగారూ!"

"ఆయ్, మరిదిగారూ! పైకెప్పుడెక్కారండీ? ఫోనులో గొడుగు గుర్తొచ్చింది. దగ్గర్లోనే ఉన్నారని కదలకుండా కూర్చున్నాను."

అప్పుడే నా ఆఖరి చుక్క అయిపోయింది.

బస్సు కదిలాక ఆవిడ అందుకున్నారు. "ఇప్పుడైనా మీ దగ్గరున్న ఆ హాట్‌బాక్స్ తెరవండి మహానుభావా, ఆకలేస్తంది! వచ్చిందగ్గర్నుంచీ చూస్తన్నా. మీరు తెరిచానంటే చాలు, అందరూ మూగేస్తన్నారు. నాకొక్క మెతుకు పెట్టిన పాపాన పోలేదు!"

సత్యవేణి కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వు మొదలెట్టింది. హాట్‌స్పాట్ అంటే తినేది కాదని, ఆ గొడుగు గుర్తే అదని, అందరూ తలో మాటా అందుకుని ఆవిడకి వివరించారు. ధనకోటి గారు మాత్రం కిటికీలోంచి మలేషియాని చాలా శ్రద్ధగా చూశారు.

నన్ను విమానాశ్రయంలో పారేయబోతుంటే వరహాలమ్మ గారు అడిగి పుచ్చుకున్నారు. ఇప్పుడు కాకినాడలో, ఆవిడ పులిహోర తెచ్చిన ఖాళీ హాట్‌బాక్స్‌లో ఉంటున్నాను. కుదురైతే దొరికింది గానీ, ఎవరి ఫోనైనా దగ్గరికొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇంటికెవరొచ్చినా ఆవిడ మూత తీసి చూపిస్తారు.

"ఇదిగో, ఇది హాట్‌బాక్సు. లోపలున్నది హాట్‌స్పాటు. రెండూ ఒకటి కాదండోయ్! మా మరిదిగారు ఇప్పుడు రెండూ మూయడం మానేశారు."