నడుము తొక్కిన ఆదివారాలు

మా అమ్మ భూదేవి ఎదురుకాళ్ళతో పుట్టింది. తల్లి కడుపులోంచి తలకు బదులు కాళ్ళు ముందు బయటికి వచ్చిన మనిషి తొక్కితే నడుము పట్టు విడుస్తుందని రాజురాలో తెలుగువాళ్ళూ మరాఠీవాళ్ళూ ఒకే తీరుగా నమ్మేవారు. అందువల్ల ప్రతి ఆదివారం ఉదయం మా గడప ముందు ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు కనిపించేవారు. ఎక్కువమంది నలభై దాటినవాళ్ళు, బండ్లు తోలేవాళ్ళు, పత్తి నింపిన బోరా సంచులు మోసేవాళ్ళు. మనిషి బోర్లా పడుకుంటే అమ్మ ద్వారబంధం పట్టుకుని, ఇప్పనూనె రాసిన మడమతో వెన్నుకు ఇరుపక్కలా కండ మీద మూడుసార్లు నొక్కి దిగేది. చాలామంది లేచి నడిచి వెళ్ళిపోయేవారు. పట్టేసిన కండరానికి వేడీ ఒత్తిడీ కావాలని, అవి అక్కడ అందేవని, తరువాత శరీరశాస్త్రం చదివినప్పుడు నాకు అర్థమైంది.

ఈ వైద్యం అందనిది మా నాన్న అనంతరావు ఒక్కడికే. భార్య కాలు భర్తకు తగలరాదు.

1956 చివర రాజురా హైదరాబాదు రాష్ట్రం నుంచి విడిపోయి బొంబాయి రాష్ట్రంలో కలిసింది. నాన్న తహసీలు కచేరీలో ఉర్దూ నకళ్ళు రాసే గుమాస్తా. నలభై ఆరో ఏట మరాఠీ రాత మొదలుపెట్టాడు. అంతలో, వయసు పైబడినవాళ్ళకు వైద్య పరీక్ష పెట్టి, తప్పినవాళ్ళను ఇంటికి పంపుతారని ఒక పుకారు పుట్టింది. అంగడిలో ఎద్దులకు చూసినట్టు మన పళ్ళు కూడా చూస్తారట అని తోటి గుమాస్తా బాపురావు నవ్వాడట. నాన్న నవ్వలేదు. అప్పటికే రెండు నెలలుగా ఆయనకు నడుంనొప్పి, సాయంత్రాలు సన్నని జ్వరం, మనిషి చిక్కిపోయాడు. వార్ధా నది దాటి చాందా ఆసుపత్రికి వెళితే అక్కడి పుస్తకంలో పేరు పడుతుంది. పుస్తకంలో పడినది ఏదో ఒకరోజు కచేరీకి చేరుతుంది. జీవితమంతా కాగితాల మధ్య గడిపినవాడు అలాగే ఆలోచిస్తాడు.

అందుకని తాలీంలో కుస్తీ నేర్పే వస్తాదు పోచన్న దగ్గరికి మాలిష్‌కు వెళ్ళాడు. పహిల్వాన్ల బెణుకులు సరిచేసే ఆ చేతులు పదిహేను రోజులు ప్రయత్నించాయి. ఆ తరువాత నాన్న ఇంటికి వచ్చి, తన నడుము తొక్కమని అమ్మను అడిగాడు.

అమ్మ పాపమంది. పాపం తనదే అన్నాడు నాన్న. చివరికి ఆమె ఒక్క ప్రశ్న వేసింది.

"పోచన్న ఏమన్నడు?"

"చేతులతోని కాదన్నడు. కాలుతోనే పోతదన్నడు."

మూడు ఆదివారాలు తొక్కింది. ప్రతిసారీ ఆయన పాదాలకు మొక్కి, ఆ తరువాతే కాలు పెట్టింది. మొదటి రెండుసార్లు హాయిగా ఉందన్నాడు. మూడోసారి లేవలేకపోయాడు. కాళ్ళకు స్పర్శ లేదు.

చాందా డాక్టరు ఎక్స్‌రే చూసి, క్షయ వెన్నుపూసను తినేసిందన్నాడు. అది తొక్కడం వల్ల కూలిందో, దానంతటదే కూలిందో చెప్పలేనన్నాడు. ఈ జబ్బుకు సూదిమందు ఉందని, రెండు మూడు నెలల ముందు తెస్తే బహుశా నడిచేవాడని కూడా అన్నాడు. అమ్మ అదేదీ వినలేదు. తొక్కడమన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆనాటినుంచి ఆయన మంచం దగ్గరికి పాదాలు చీర కుచ్చిళ్ళలో దాచుకుని వెళ్ళేది, బయటికి వచ్చి ఏడ్చేది.

పోచన్న చూడటానికి వచ్చాడు. సాగనంపడానికి వీధి దాకా వెళ్ళిన నాతో మెల్లగా అన్నాడు: "మీ నాయనకు నేను ముందే చెప్పిన బిడ్డా. ఇది నరం గాదు, వెన్నుబొక్కల ఏదో ఉన్నది, దవాఖానకు పో మున్షీ సాబ్ అని."

నాకప్పుడు పదహారేళ్ళు. లోపలికి వెళ్ళి, మీరు అమ్మకు చెప్పకపోతే నేను చెప్తానని నాన్నతో అన్నాను. నిజం తెలిస్తే ఆమె బరువు దిగుతుందని నా అంచనా. ఆ సాయంత్రమే ఆయన పైకప్పు చూస్తూ అమ్మకు అంతా చెప్పాడు. వైద్య పరీక్ష వట్టి మాటేనని అప్పటికి తేలిపోయింది. ఎవరినీ పరీక్షించలేదు.

అమ్మ కుచ్చిళ్ళు తొలగించి తన మడమ చూసుకుంది.

"మొదటి దినమే నా మడిమె కింద వెన్నుబొక్క బొడిపె తగిలింది," అంది. "గట్ల ఎవ్వలకు ఉండది. వేరేటోడైతే దిగి, లెవ్వమందును. పోచన్న చెప్పిండంటివని మళ్ళ తొక్కిన."

"తప్పు నాది," అన్నాడు నాన్న.

"నీది నీకున్నది. నాది నాకున్నది."

నా అంచనా తప్పింది. అంతవరకు ఆమె తెలియక చేశాననుకుని ఏడ్చిందని నేను భ్రమపడ్డాను. తన కాలికి తెలిసినదాన్ని కాదని ఆయన మాట విన్నందుకు ఏడ్చింది. ఆ మాట అబద్ధమని ఇప్పుడు నేను చెప్పించాను.

తరువాతి ఆదివారం లక్కడ్‌కోట్ నుంచి కనకరాజు అనే బండివాడు వచ్చాడు. బోరా ఎత్తుతుంటే నిన్ననే పట్టేసిందన్నాడు. అమ్మ అతన్ని కూర్చోబెట్టి, వెన్నుపూసలు ఒక్కొక్కటే వేళ్ళతో తడిమింది. కింది నుంచి పైకి, మళ్ళీ పైనుంచి కిందికి. తరువాత చాందా దవాఖానకు వెళ్ళమంది.

"నడుముకు గూడ దవాఖాన కాగితం గావాల్నా అక్కా?" అన్నాడు కనకరాజు. ఒక్కసారి తొక్కితే చాలని బతిమాలాడు.

అది వట్టి పట్టేనని, జ్వరమూ చిక్కిపోవడమూ ఏదీ లేదని గడప దగ్గర నిలబడిన నాకు కూడా తెలిసింది. అమ్మ మూడోసారి తడిమింది. తెలుస్తలేదు తమ్మీ, అని చేతులు తీసేసుకుంది. అతడు వంగిన నడుముతోనే బండి ఎక్కాడు.